ఒక రాత్రి, మూడు ఉత్తరాలు

‘డియర్ పాపా’ అని మొదలవుతుంది ఆ ఉత్తరం. తేదీ 1999 జూన్ 19. రాసింది మేజర్ పద్మపాణి ఆచార్య. రాసిన చోటు కార్గిల్ యుద్ధరంగం. చేరవలసిన చోటు హైదరాబాద్.

ఇంకో రెండు రోజుల్లో అతనికి ముప్ఫై ఏళ్లు నిండుతాయి. భార్య కడుపుతో ఉంది. ఒడిశా మూలాలున్న కుటుంబం వాళ్లది. పద్మపాణి పుట్టింది హైదరాబాద్‌లో, డిగ్రీ పుచ్చుకున్నది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ ముగించుకుని రాజ్‌పుతానా రైఫిల్స్‌కు వెళ్లాడు. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైన మనిషి. యుద్ధమంటే ఏమిటో కొడుకు ఆయనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

అందుకేనేమో, ఆ ఉత్తరంలో దాపరికం లేదు. ప్రాణనష్టం గురించి బెంగ పెట్టుకోవద్దని తండ్రికి నేరుగానే రాశాడు. అది తమ వృత్తిలోనే ఉన్న ప్రమాదమని, తమ చేతుల్లో లేనిదని, కనీసం ఒక మంచి పని కోసం జరుగుతోందని చెప్పాడు. యుద్ధంలో నిలబడే అవకాశం జీవితంలో ఒక్కసారి దక్కే గౌరవమని, దాన్ని అంతకు తక్కువగా తాను చూడటం లేదని రాశాడు. అదంతా అయ్యాక ఇంట్లో చేయవలసిన పని ఒకటి అప్పగించాడు. కోడలికి రోజుకో కథ చెప్పండి, మహాభారతంలోది. పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయి.

కడుపులో బిడ్డ కథ వింటుందన్న నమ్మకం మనకు కొత్తది కాదు. సుభద్ర గర్భంలో అభిమన్యుడు విన్నాడు, లీలావతి గర్భంలో ప్రహ్లాదుడు విన్నాడు అని చెప్పుకుంటూ పెరిగినవాళ్లమే అందరమూ. కానీ ఆ కథ చెప్పే పని తండ్రిది. అక్కడ కొండల మీద ఉన్నవాడు తన వంతు పనిని తన తండ్రికి అప్పగించాడు. ‘నేను వచ్చి చెప్తాను’ అని కాక ‘మీరు రోజూ చెప్పండి’ అనడంలో ఎంత ముందుచూపు ఉందో ఆ ఇంట్లోవాళ్లకు ఆ రోజున తట్టిందో లేదో. ఉత్తరం రాసిన తొమ్మిదో నాడు అతను లేడు.

* * *

ప్రాణనష్టం అని అతను రాసినప్పుడు, అది మాటవరసకు రాసిన మాట కాదు. అప్పటికి వారం కిందటే అతని బెటాలియన్ సెకండ్ రాజ్‌పుతానా రైఫిల్స్ తోలోలింగ్ శిఖరాన్ని గెలిచింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ ఆ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. జూన్ 12 రాత్రి మొదలైన దాడి 13 తెల్లవారేసరికి ముగిసింది. మేజర్ వివేక్ గుప్తా ఆ కొండ మీదే ప్రాణం వదిలాడు. అంతకుముందు అదే తోలోలింగ్ కోసం 18 గ్రెనేడియర్స్ రోజుల తరబడి పోరాడి ఎందరినో పోగొట్టుకుంది.

ఆ పోయినవారిలో మేజర్ రాజేశ్ అధికారి ఒకడు. మే 30న తోలోలింగ్ మీద నేలకొరిగాడు. దాడికి బయల్దేరే ముందు అతనికి భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని, ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చదువుకుంటానని జేబులో పెట్టుకున్నాడని సహచరులు చెప్పగా అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ ఉత్తరం అతను విప్పలేదు. కార్గిల్ గురించి నేను చదివినవాటన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఈ ఒక్క సంగతే. పెళ్లయి ఏడాది తిరగని ఆ ఇల్లాలు ఏం రాసిందో లోకానికి అక్కర్లేదు. అతనికి చేరిందా అన్నదే ప్రశ్న. జేబు దాకా చేరింది.

కాబట్టి జూన్ 19న ఉత్తరం రాస్తున్న పద్మపాణికి చావు అంటే పక్క గుడారంలో ఖాళీ అయిన మంచం. అది తెలిసే రాశాడు.

* * *

ద్రాస్ ఊరు పది వేల అడుగులు దాటిన ఎత్తులో ఉంటుంది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. రోడ్డుకు ఉత్తరాన వరసగా కొండలు. ఆ కొండల మీద రాళ్లు పేర్చి సంగర్లు కట్టుకుని కూర్చున్న శత్రువుకు కిందపోయే ప్రతి లారీ కనిపించేది. లద్దాఖ్‌కు ఫిరంగి గుళ్లు పోవాలన్నా, పప్పూ ఉప్పూ పోవాలన్నా ఆ రోడ్డే ముఖ్యమైన దారి. తోలోలింగ్ చేజిక్కాక, జూన్ 20న పాయింట్ 5140 చేజిక్కింది. ఇక టైగర్ హిల్ వైపు కదలాలంటే దారిలో నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని మన సైన్యం పేర్లు పెట్టుకున్న గుట్టలున్నాయి. ఆ పని మళ్లీ సెకండ్ రాజ్‌పుతానా రైఫిల్స్‌కే పడింది.

తేదీ జూన్ 28.

ఆ రాత్రి పున్నమి. వెన్నెలను మనం ఎన్ని రకాలుగా పొగుడుకున్నామో లెక్కలేదు గానీ, చెట్టూ పుట్టా లేని బోడికొండ ఎక్కుతున్న సిపాయికి అంతకంటే పగ ఉండదు. పైనున్నవాడికి కింద కదిలే నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇరుకైన కొండశిఖ మీద ఒకరి వెనక ఒకరు తప్ప పక్కపక్కన నడవడానికి చోటుండదు. గాలిలో ప్రాణవాయువు పలచన. వీపున మోయగలిగినంత మందుగుండు. తిండి తగ్గించుకునైనా తూటాలు ఎక్కువ మోసుకుపోయారని ఆ యుద్ధంలో పాల్గొన్నవాళ్లు చాలామంది చెప్పారు.

ముందు మన ఫిరంగులు గుట్టలను దంచాయి. తర్వాత పదాతి దళం కదిలింది. పద్మపాణి ఒక కంపెనీకి కమాండర్. అతనికి అప్పగించిన స్థావరం మామూలుది కాదు. చుట్టూ మందుపాతరలు. పైనుంచి మెషిన్‌గన్లు నేలను ఊడ్చినట్టు కాలుస్తున్నాయి. వాటికి తోడు అవతలి ఫిరంగులు. ముందు వెళ్తున్న ప్లటూన్ ఆ కాల్పుల్లో చిక్కుకుంది. జవాన్లు పడిపోతున్నారు. దాడి అక్కడే ఆగిపోయేలా ఉంది.

అలాంటప్పుడు కంపెనీ కమాండర్ వెనక ఉండి ఆజ్ఞలు ఇవ్వొచ్చు, తప్పు పట్టేవాళ్లు ఉండరు. పద్మపాణి రిజర్వులో ఉన్న ప్లటూన్‌ను తీసుకుని తానే ముందుకు వెళ్లాడు. తూటాల వర్షంలో పాకుతూ బంకర్ దాకా చేరి గ్రెనేడ్లు లోపలికి విసిరాడు. అప్పటికే ఒళ్లంతా గాయాలు. కదల్లేని స్థితి వచ్చింది. తనను అక్కడే వదిలేసి ముందుకు దూకమని తన వాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు వదిలేసి వెళ్లారు. స్థావరం చేజిక్కింది. మేజర్ పద్మపాణి ఆచార్య ఆ గాయాలతో కన్నుమూశాడు.

పై రెండు పేరాల్లోని సంగతులు అతనికి వచ్చిన మహావీర చక్ర ప్రశంసాపత్రం ఆధారంగా రాసినవి. ఇక్కడ కాస్త ఆగుదాం. తనను వదిలి వెళ్లమన్న మాట ప్రశంసాపత్రంలోకి ఎలా వచ్చింది? ఆ మాట విన్నవాళ్లు బతికి వచ్చి చెప్తేనే వచ్చింది. వీరపతకానికి సిఫార్సు మొదలయ్యేది బెటాలియన్‌లోనే. చూసినవాళ్లు చెప్పింది కమాండింగ్ ఆఫీసర్ రాస్తాడు. అది బ్రిగేడ్‌కు, డివిజన్‌కు, ఇంకా పైకి, సైనిక ప్రధాన కార్యాలయానికి, చివరికి రాష్ట్రపతి దాకా పోతుంది. అంటే తమ సాబ్‌ను రాళ్ల మధ్య వదిలి వెళ్లిన జవాన్లు, గెలిచి తిరిగొచ్చి, ఆ వదిలి వెళ్లడాన్ని నోరు విప్పి చెప్పారు. అతని పతకంలో వాళ్ల సాక్ష్యం ఉంది.

* * *

అదే రాత్రి, అదే బెటాలియన్‌లో, కెప్టెన్ విజయంత్ థాపర్ ఉన్నాడు. వయసు ఇరవై రెండు. సైన్యంలో చేరి ఏడాది కూడా కాలేదు. తండ్రి కర్నల్. కొడుక్కి విజయంత యుద్ధట్యాంకు పేరు పెట్టుకున్న ఇల్లు అది. తోలోలింగ్‌లో అప్పటికే పేరు తెచ్చుకున్న కుర్రవాడు. పద్మపాణి పడిపోయాక మిగిలినవాళ్లను కూడగట్టుకుని ముందుకు సాగాడు. తలకు తూటాలు తగిలి నాయక్ తిలక్ సింగ్ చేతుల్లో ఒరిగిపోయాడు.

అతనూ ఇంటికి ఒక ఉత్తరం రాసిపెట్టాడు. తాను తిరిగి రాకపోతేనే చేర్చమని చెప్పి ఇచ్చిన ఉత్తరం. ఇది మీకు అందేసరికి పైనుంచి మిమ్మల్ని చూస్తుంటానని మొదలుపెట్టాడు. మళ్లీ మనిషిగా పుడితే మళ్లీ సైన్యంలోనే చేరతానన్నాడు. వీలైతే వచ్చి మేం పోరాడిన చోటు చూడండి అన్నాడు. తన శరీరంలో పనికొచ్చే అవయవాలు ఏవైనా ఉంటే తీసుకోమన్నాడు. అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇవ్వమన్నాడు. కుప్వారాలో తనకు పరిచయమైన ఒక చిన్నపిల్లకు నెలకు యాభై రూపాయలు పంపుతూ ఉండమన్నాడు. ఉగ్రవాదులు తండ్రిని చంపడం చూసి మాట పడిపోయిన పిల్ల అది. కంపెనీ గుడిలో కర్ణీమాత పక్కన తన ఫొటో పెడతారని ఆశపడ్డాడు. తన దాడి దళంలో పన్నెండుమంది ఉన్నారని, వాళ్లను కలుసుకునే వేళయిందని చెప్పి ముగించాడు.

దేశభక్తి గురించి పెద్ద మాటలు వెతికేవాళ్లకు ఈ ఉత్తరంలో అంతకంటే విలువైనది దొరుకుతుంది. నెలకు యాభై రూపాయలు. చావుకు ఎదురు వెళ్తున్న ఇరవై రెండేళ్లవాడు ఒక పసిపిల్లకు పోవలసిన యాభై రూపాయలు మర్చిపోలేదు. అతని తండ్రి ఆ ఉత్తరాన్ని దాచుకుని ఊరుకోలేదు. అందులో చెప్పినట్టే ఏటా ద్రాస్ వెళ్లి కొడుకు పోరాడిన చోటు చూస్తూ వచ్చారు. ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కారు.

మూడోవాడు కెప్టెన్ నెయికెఝాకువో కెంగురూసె. నాగాలాండ్‌లో కోహిమా దగ్గరి నేర్హెమా గ్రామం. అసలు అతను ఆర్మీ సర్వీస్ కోర్ అధికారి, అంటే సరఫరాలు, రవాణా చూసే విభాగం. రాజ్‌పుతానా రైఫిల్స్‌కు అటాచ్‌మెంట్ మీద వచ్చి, ప్రమాదకరమైన పనులకు ముందుండే ఘాతక్ ప్లటూన్‌కు నాయకుడయ్యాడు. జవాన్లు అతన్ని ‘నింబూ సాబ్’ అని పిలుచుకున్నారు. జూన్ 28 రాత్రి బ్లాక్ రాక్ అనే చోట నిలువు కొండ ఎక్కుతుంటే పొట్టలో ఫిరంగి పెంకు దిగింది. రక్తం కారుతున్నా ఎక్కాడు. పదహారు వేల అడుగుల ఎత్తు, మైనస్ పది డిగ్రీల చలి అని చెప్తారు. మంచు రాతి మీద బూట్లు జారుతుంటే విప్పేశాడు. ఒట్టికాళ్లతో, భుజాన రాకెట్ లాంచర్‌తో పైకి చేరి మెషిన్‌గన్ స్థావరాన్ని పేల్చాడు. పెనుగులాటలో తూటా తగిలి కొండ మీంచి లోయలోకి పడిపోయాడు. వయసు ఇరవై నాలుగు. ఇరవై అయిదో పుట్టినరోజుకు మూడు వారాలు కూడా లేదు.

అతనూ తండ్రికి రాశాడు. నేను మళ్లీ ఇంటికొచ్చి మీ అందరితో కలవలేకపోవచ్చు, అలా జరిగితే ఏడవొద్దు, దేశానికి చేయగలిగింది చేయాలని ముందే నిర్ణయించుకున్నాను అని.

హైదరాబాదీ ఒకడు, పంజాబీ ఒకడు, నాగా ఒకడు. వాళ్ల వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా పల్లెల రైతుబిడ్డలు. ‘రాజా రామచంద్ర కీ జై’ అన్నది ఆ రెజిమెంట్ యుద్ధనినాదం. కోహిమా దగ్గరి క్రైస్తవ కుటుంబం బిడ్డ కూడా ఆ నినాదం మధ్యనే కొండెక్కాడు. ముగ్గురూ వేర్వేరు ఊళ్లకు రాసినా ఉత్తరాల్లో ఉన్న మాట దాదాపు ఒకటే: ఇంట్లోవాళ్లను ముందుగా సిద్ధం చేయడం. మనం వాళ్లను ధైర్యవంతులంటాం. ఆ ఉత్తరాలు చదివితే వాళ్లు తమ ధైర్యం గురించి కాక, వెనక ఉండిపోయేవాళ్ల ధైర్యం గురించి దిగులు పడ్డారని తెలుస్తుంది.

* * *

జూన్ 29 నాటికి ఆ గుట్టలు మనవయ్యాయి. జూలై 4న టైగర్ హిల్ చిక్కింది. జూలై 26తో యుద్ధం ముగిసింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 527 మంది మన సైనికులు చనిపోయారు. పద్మపాణికీ, కెంగురూసెకూ మహావీర చక్ర, విజయంత్‌కు వీర చక్ర మరణానంతరం ఇచ్చారు.

మహావీర చక్ర చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. గుండ్రని వెండి పతకం. ముందువైపు అయిదు కోణాల నక్షత్రం, కొనలు అంచును తాకుతూ ఉంటాయి. నడుమ బంగారు పూతతో రాజముద్ర. వెనకవైపు హిందీలో, ఇంగ్లీషులో దాని పేరు, మధ్యలో తామరపూలు. రిబ్బన్ సగం తెలుపు, సగం కాషాయం. శత్రువుకు ఎదురుగా చూపిన సాహసానికి ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర తర్వాత ఇదే. అరచేతిలో ఇమిడిపోతుంది.

పద్మపాణి పోయిన కొన్ని నెలలకు అతనికి కూతురు పుట్టింది. ఆ పిల్లకు నాన్న అంటే ఈ పతకమూ, ఈ ఉత్తరమూ, ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలూ. 2003లో వచ్చిన ‘ఎల్ఓసీ కార్గిల్’ సినిమాలో పద్మపాణి పాత్రను మన అక్కినేని నాగార్జున వేశారు. తెలుగువాళ్లలో చాలామందికి ఆ మేజర్ పేరు మొదట తెలిసింది అలాగే. సినిమా మంచి పనే చేసింది. కానీ ఆ కూతురికి మిగిలిన నిజమైన గొంతు ఆ కాగితం మీదే ఉంది. పతకం ఇతరులు అతని గురించి చెప్పిన మాట, అదీ చివరి గంట గురించి. ఉత్తరం అతనే చెప్పిన మాట. మొదటిది లేకపోతే అతనేం చేశాడో తెలిసేది కాదు. రెండోది లేకపోతే అతనెవరో తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, గాయపడి కదల్లేక ‘నన్ను వదిలి వెళ్లండి’ అన్న మనిషీ, ‘కోడలికి రోజుకో కథ చెప్పండి’ అన్న మనిషీ ఒక్కడేనని అర్థమవుతుంది. రెండుచోట్లా తాను లేకుండా పని ఎలా సాగాలో చెప్పాడు.

ఈ మూడు ఉత్తరాలు బయటికి వచ్చాయి, అచ్చయ్యాయి, మనకు తెలిశాయి. రాసినవాళ్లు ఆఫీసర్లు, ఇంగ్లీషులో రాశారు, ఇళ్లలో వాటి విలువ తెలిసినవాళ్లున్నారు. తెలుగులో ఇన్‌లాండ్ కాగితం మీద ‘నేను ఇచ్చట క్షేమం, మీరు అచ్చట క్షేమమని తలుస్తాను’ అని రాసిన జవాన్ల ఉత్తరాలు ఏమయ్యాయి? పశ్చిమ గోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ అని పేరుపడ్డ ఊరు ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఆ ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. అలాంటి ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. 1962, 1965, 1971ల్లో పోయిన మనిషి రాసిన నాలుగు ముక్కలు ఏ ట్రంకుపెట్టె అడుగునో, ఏ అటక మీదో చెదలకు వదిలేసి ఉండొచ్చు. రాసినవాడి భార్య ఉన్నంతకాలం వాటికి కాపలా ఉంటుంది. ఆమె తర్వాత ఇల్లు సర్దేటప్పుడు పాతకాగితాల్లో కలిసిపోతాయి.

ఇప్పటి సిపాయి ఉత్తరం రాయడు. 2020 జూన్ 15న గాల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుకు కూడా మహావీర చక్ర వచ్చింది. ఆ తరానికి ఇంటితో మాటంటే ఫోనే. ఫోన్ పాడైతే, మార్చేస్తే మెసేజ్‌లు కాగితం కంటే త్వరగా పోతాయి.

మీ ఇంట్లో సైనికుడి ఉత్తరాలు ఉంటే ఈ వారమే బయటికి తీయండి. రెండువైపులా ఫొటోలు తీసి, ఒకటికి రెండు చోట్ల దాచండి. కవరు పారేయకండి, తపాలా ముద్ర, యూనిట్ నంబరు ఉండేది దాని మీదే. ప్లాస్టర్ టేపు అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు, కాగితం పాడైపోతుంది. ఎండ తగలని చోట, పొడిగా ఉండే పెట్టెలో పెట్టండి. పతకాలను మెరుగు కోసం తోమకండి. పూత, అంచు మీద చెక్కిన పేరు అరిగిపోతాయి. ఫోన్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌లను వేరేచోట భద్రం చేయండి. చేతిరాత చదవగలిగే పెద్దవాళ్లు ఉండగానే ఎవరు ఎవరికి రాశారో, ఉత్తరంలో వచ్చిన పేర్లు ఎవరివో అడిగి ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. వాళ్లు పోయాక ఆ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు.